దగ్గరికెళ్తే ఎగిరిపోతోంది, దూరం నుంచి తీస్తే చుక్కలా ఉంటోంది!

ప్రశ్న: ఈమధ్యే మిర్రర్‌లెస్ కెమెరా కొన్నానండీ, దాంతోపాటే వచ్చిన 18-55 కిట్ లెన్సు, దూరంవి దగ్గరగా చూపించే 55-250 జూమ్ లెన్సు ఉన్నాయి. సీతాకోకచిలుకల్ని తీద్దామని మొదలెట్టా గానీ ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. దగ్గరికెళ్తే ఎగిరిపోతాయి, ఎలాగోలా దొరికినా ఒక రెక్క క్లియర్‌గా, ఇంకో రెక్క మసగ్గా వస్తోంది. చిన్నవాటిని బాగా పెద్దగా తీసే మ్యాక్రో లెన్సు కొనాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ దగ్గరున్న 55-250 ఈ పనికి చాలా మంచిది, జూమ్ చివరిదాకా తిప్పి 250 దగ్గర పెట్టి మీటరు దూరం దాకా వెళ్ళగలిగితే పెద్ద సైజు సీతాకోకచిలుక ఫ్రేమ్‌లో బాగానే నిండుతుంది. నిజానికి కిట్ లెన్సుతో కూడా దాదాపు అంత పెద్దగానూ తీయొచ్చు, కాకపోతే లెన్సు దాని మీదికి జానెడు దూరంలోకి రావాలి, ఆలోపే అది లేచిపోతుంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. ఒక్క సంగతి, ప్రతి లెన్సుకీ ఇంతకంటే దగ్గర ఫోకస్ అవదు అనే దూరం ఒకటి ఉంటుంది, కెమెరా ఫోకస్ కోసం వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోందంటే మీరు ఆ గీత దాటారన్నమాట, ఒకడుగు వెనక్కి రండి.

ఇక ఒక రెక్కే క్లియర్‌గా రావడం. ఇంత దగ్గర్నుంచి తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండే మందం చాలా తక్కువ, అపర్చర్‌ని, అంటే లెన్సులో వెలుతురొచ్చే రంధ్రాన్ని, ఎఫ్8కి చిన్నది చేసినా పెద్దగా పెరగదు, అలాగని ఇంకా చిన్నగా ఎఫ్22 దాకా వెళ్తే ఫొటో మొత్తమే కాస్త మెత్తబడిపోతుంది. కాబట్టి సెట్టింగు కాదు, మీరే కదలాలి. రెక్కలు మూసుకుని కూర్చుంటే సరిగ్గా పక్క నుంచి, పరిచి కూర్చుంటే పై నుంచి, అంటే కెమెరా వెనక స్క్రీనూ రెక్కా ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా చూసుకోండి. ఒక్క చోటే ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టి కంటి మీద ఉంచండి, కన్ను షార్ప్‌గా ఉంటే రెక్క చివర కాస్త పోయినా ఎవరూ పట్టించుకోరు. షట్టర్ స్పీడు 1/500 సెకను, గాలికి పువ్వు ఊగుతుంటే 1/1000, ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు ఫొటోని ప్రకాశవంతం చేసే సెట్టింగు) ఆటోలో వదిలేయండి, గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడి షట్టర్ తగ్గించకండి, గ్రెయిన్ తర్వాతైనా తగ్గించుకోవచ్చు, బ్లర్‌ని ఏం చేయలేం. తెల్లవి, పసుపువి తీసేటప్పుడు మాత్రం ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) కొంచెం మైనస్‌లోకి తేండి, లేకపోతే రెక్కల మీద డిజైన్ అంతా తెల్లగా కాలిపోతుంది.

ఎగిరిపోకుండా ఉండాలంటే టైమ్ ముఖ్యం. వాటి ఒంటికి సొంత వేడి పెద్దగా ఉండదు, ఎగరాలంటే ముందు రెక్కల కండరాలు వెచ్చబడాలి, అందుకే పొద్దున్నే రెక్కలు పరుచుకుని ఎండ కాగుతూ కూర్చుంటాయి, మీక్కావాల్సింది ఆ టైమే. ఎండ ముదిరాక వెంటపడటం వేస్టు. ఇంకో మంచి చోటు తడి మట్టి. మగవి ఉప్పు లవణాల కోసం బురద మీద వాలతాయి, ఒక్కోసారి గుంపులుగా, పీల్చడంలో పడితే మనం పక్కన పడుకున్నా పట్టించుకోవు. వెళ్ళేటప్పుడు మీ నీడ దాని మీద పడకూడదు, దూరంగా ఉన్నప్పుడే వంగిపోండి, దగ్గరికొచ్చాక ఒక్కసారిగా కూర్చుంటే అయిపోయినట్టే.

ప్రశ్న: ఎగురుతుండగా తీయడం ఎలా?

జవాబు: షట్టర్ 1/2500 అంతకన్నా పైన, వరసపెట్టి ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్, అది వాలబోయే పువ్వు మీద ముందే ఫోకస్ పెట్టుకుని వెయిట్ చేయడం. మీ కెమెరాలో బటన్ నొక్కకముందు క్షణాల్ని కూడా సేవ్ చేసే ప్రీ-క్యాప్చర్ ఉంటే ఆన్ చేసుకోండి. అయినా చాలావరకు లక్కే, కూర్చున్నవి బాగా వచ్చేదాకా దీని జోలికెళ్ళొద్దంటాను.

ప్రశ్న: పట్టుకుని కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటుందని ఎవరో చెప్పారు, నిజమా?

జవాబు: కదలకుండా ఉండేమాట నిజమే, కానీ దయచేసి ఆ పని చేయకండి. చలికి బిగుసుకున్నది బయట పెట్టాక కూడా వెంటనే ఎగరలేదు, పక్షో చీమలో వస్తే దొరికిపోతుంది, పట్టుకోవడంలోనే రెక్కల పొలుసులు రాలిపోతాయి. పైగా అలా తీసిన ఫొటో తెలిసినవాళ్ళకి దొరికిపోతుంది, కాళ్ళు పువ్వుని సరిగ్గా పట్టుకోకుండా, తొండం చుట్టుకుని ఉండగానే పువ్వు మధ్యలో పెట్టినట్టు ఉంటుంది.