రగ్బీ లీగ్ క్లబ్బులు ఎందుకు మునుగుతాయి? సీజన్ టికెట్ కొనొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "నేను మాంచెస్టర్ వచ్చి ఏడాదైంది. మా ఆఫీసులో ఒకాయన సాల్‌ఫోర్డ్ రగ్బీ లీగ్ జట్టుకి సీజన్ టికెట్ కొనమని వెంటపడుతున్నాడు. ఆ క్లబ్బు కంపెనీ 2025లోనే మూతపడిందని చదివాను. 2019లో ఫైనల్ ఆడిన జట్టు ఆరేళ్లలో ఎలా మూతపడుతుంది? అసలు ఈ క్లబ్బులు సొంత కాళ్ల మీద నిలబడగలవా?"

ముందు నా సంగతి చెప్తాను. నేను 2010లో చదువుకోవడానికి బ్రాడ్‌ఫోర్డ్ వచ్చాను. ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఒక అకౌంట్స్ ఆఫీసులో పని చేస్తున్నాను. మధ్యలో రెండు సీజన్లు, కింది డివిజన్లో ఆడే ఒక చిన్న క్లబ్బుకి వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా లెక్కలు రాసిపెట్టాను. పేరు చెప్పను. వాళ్లు మంచివాళ్లు, ఇప్పటికీ నాకు టీ ఇస్తారు. ఇక్కడ రాసేదాంట్లో సగం ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

అక్కడ నాకు తెలిసిన మొదటి విషయం, గెలుపు ఖరీదైన వ్యవహారమని. చిన్న క్లబ్బుల్లో ఆటగాళ్లకి నెల జీతాలు ఉండవు. ఒకడు ప్లంబర్, ఒకడు స్కూల్ టీచర్. మ్యాచ్‌కి ఇంత అని ఇస్తారు, ఓడితే ఒక రేటు, గెలిస్తే ఇంకో రేటు. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన నెలలో ఊరంతా పండగ చేసుకుంటుంటే మా ట్రెజరర్‌గారి ముఖం మాత్రం వాడిపోయేది. రెండోది, స్ట్రాపింగ్ టేపు. మోకాళ్లకి, మణికట్లకి చుట్టుకునే ఆ టేపు మీద ఒక సీజన్లో అంత బిల్లు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఏదో తప్పు ఎంట్రీ పడిందని మొదటిసారి ఆ అంకె కొట్టేశాను కూడా.

ఇక ఫిబ్రవరి. ఆదివారం పొద్దున మైదానం గడ్డకట్టిపోతే రిఫరీ వచ్చి చూసి మ్యాచ్ లేదంటాడు. అప్పటికే మీట్ పైలు వచ్చేసి ఉంటాయి, అంబులెన్స్‌కి డబ్బు కట్టేసి ఉంటుంది. గేటు ఆదాయం మాత్రం సున్నా. ఆ మ్యాచ్‌ని తర్వాత ఏ బుధవారం రాత్రో ఆడిస్తారు, దానికి సగం మందే వస్తారు. ఏడాదికి సొంత మైదానంలో ఆడేదే పదమూడు, పద్నాలుగు మ్యాచ్‌లు. ఒక్కటి పోయినా ఆ నెల జీతాల టెన్షన్ మొదలవుతుంది.

మాది పల్నాడు. మా ఇంట్లో పత్తి చేతికి రాకముందే ఎరువుల కొట్టులో బాకీ ఉండేది. అందుకే ఈ క్లబ్బుల పద్ధతి నాకు చప్పున అర్థమైంది. వచ్చే ఏడాది సీజన్ టికెట్లు అక్టోబరు, నవంబరుల్లోనే అమ్ముతారు. ఆ డబ్బు వచ్చే ఏడాది నడపడానికి ఉండాలి. కానీ అది ఈ ఏడాది పాత బాకీలకి పోతుంది. విత్తనపు వడ్లు వండుకు తిన్నట్టే. అదీ చాలకపోతే కొన్ని క్లబ్బులు చేసే పని ఒకటుంది. ఆటగాళ్ల జీతంలోంచి పన్ను కోసేస్తారు గానీ ప్రభుత్వానికి కట్టరు. మన టీడీఎస్ కట్ చేసి కంపెనీ దగ్గరే ఉంచేసుకున్నట్టు అనుకోండి. వడ్డీ లేని అప్పులా కనిపిస్తుంది. ఇక్కడి పన్నుల శాఖ కొన్ని నెలలు ఊరుకుంటుంది, తర్వాత కంపెనీని మూసేయమని కోర్టులో పిటిషన్ వేస్తుంది. క్లబ్బులు నష్టాల వల్ల చావవు, నష్టాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. ఒక ఫలానా శుక్రవారం ఖాతాలో డబ్బు లేక చస్తాయి.

సాల్‌ఫోర్డ్‌ది ఇదే కథ, పెద్ద కొలతలో. 2019లో సూపర్ లీగ్ (ఇక్కడి రగ్బీ లీగ్‌లో పై శ్రేణి) విజేతని తేల్చే గ్రాండ్ ఫైనల్లో సెయింట్ హెలెన్స్ చేతిలో ఓడింది, మరుసటి ఏడాది నాకౌట్ పోటీ అయిన చాలెంజ్ కప్ ఫైనల్ కూడా ఆడింది. ఆట బాగానే ఉంది, ఇల్లే సొంతం కాదు. ది విల్లోస్ అనే పాత మైదానం వదిలేసి 2012 నుంచి ఊరి చివర మోటర్‌వే పక్కన కొత్త స్టేడియంలో అద్దెకుంది. 2025 ఫిబ్రవరిలో కొత్త యజమానులు వచ్చారు, వస్తుందన్న డబ్బు సమయానికి రాలేదు. క్లబ్బు జీతాల ఖర్చు మీద పాలక సంస్థ పరిమితి పెట్టింది. దాంతో మొదటి మ్యాచ్‌కి కుర్రాళ్లని దింపి అదే సెయింట్ హెలెన్స్ చేతిలో 82–0తో ఓడారు. తర్వాత జీతాలు ఆలస్యం, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం. ఆగస్టులో ఒక మ్యాచ్ అయితే దింపడానికి సరిపడా మనుషులు లేక రద్దయింది. డిసెంబరులో పన్నుల శాఖ వేసిన పిటిషన్ మీద కోర్టు ఆ కంపెనీని మూసేసింది. మీ ఆఫీసాయన అమ్మజూపుతున్నది అదే ఊరి పేరుతో పుట్టిన కొత్త క్లబ్బుది, రెండో శ్రేణిలో ఆడేది.

2016 అక్టోబరులో జరిగిన ఒక మ్యాచ్ నాకు పదేపదే గుర్తొస్తుంది. దాని పేరే "మిలియన్ పౌండ్ గేమ్". ఓడిన జట్టు సూపర్ లీగ్ నుంచి కిందికి పడిపోతుంది, దానితోపాటు టీవీ వాటాలో పెద్ద ముక్క పోతుంది. అందుకే ఆ పేరు. హల్ కేఆర్, సాల్‌ఫోర్డ్ ఆడాయి, అదీ హల్ కేఆర్ సొంత మైదానంలో. చివరి నిమిషాల దాకా హల్ కేఆర్ ముందుంది. సాల్‌ఫోర్డ్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో ఒక్క డ్రాప్ గోల్‌తో, అంటే ఒక పాయింటు ఇచ్చే కిక్‌తో, 19–18తో గెలిచింది. నేను పబ్‌లో చూస్తున్నాను, పక్క బల్ల మీద ఒక హల్ పెద్దాయన తల పట్టుకుని కూర్చుండిపోయాడు. తొమ్మిదేళ్లు గడిచాయి. 2025లో హల్ కేఆర్ చాలెంజ్ కప్, లీగ్ టేబుల్లో మొదటి స్థానం, గ్రాండ్ ఫైనల్, మూడూ గెలిచింది. నలభై ఏళ్ల తర్వాత వాళ్లకి పెద్ద ట్రోఫీ రావడం అదే మొదలు. 2016లో ఆ రోజు గెలిచిన సాల్‌ఫోర్డ్ అదే 2025 చివర్లో కోర్టులో మూతపడింది. ఓడినా హల్ కేఆర్‌ని వదిలి యజమాని నీల్ హడ్జెల్ పోలేదు. ఒక్క సీజన్లో జట్టు తిరిగి పైకి వచ్చింది. కాబట్టి పడిపోతే క్లబ్బు చచ్చిపోతుందని, పైన ఉంటే బతుకుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

మా ఊరి సంగతి ఇంకా పాఠం. బ్రాడ్‌ఫోర్డ్ బుల్స్ 1997, 2001, 2003, 2005లో సూపర్ లీగ్ గెలిచింది. వాళ్ల ఒడ్సాల్ మైదానంలో 1954లో చాలెంజ్ కప్ రీప్లేకి అధికారిక లెక్కే 1,02,569 మంది. నేను వచ్చేసరికి అది పెద్ద గిన్నెలాంటి గుంట, చుట్టూ గాలి. క్లబ్బు 2012 జనవరిలో ఆ మైదానం లీజుని పాలక సంస్థకే అమ్ముకుంది. రెండు నెలలు తిరక్కుండా 10 లక్షల పౌండ్లు కావాలని ఊరిని అడిగింది. జనం నిజంగానే ఇచ్చారు, అందులో సగం పది రోజుల్లో పోగైంది. నా ఎదురింటి పెన్షన్ ముసలాయన కూడా చందా వేశాడు. అయినా జూన్‌లో అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది, అంటే అప్పులవాళ్లు మీద పడకుండా కంపెనీని బయటి అధికారి చేతిలో పెట్టడం. 2014లో మళ్లీ అదే. 2017 జనవరిలో కంపెనీ పూర్తిగా మూత. కొత్త కంపెనీ 12 పాయింట్ల శిక్షతో రెండో శ్రేణిలో మొదలెట్టి, సూపర్ లీగ్ 14 జట్లకి పెరిగిన 2026లో గానీ పైకి రాలేకపోయింది.

అక్కడికి అరగంట దారిలో లీడ్స్ ఉంది. రెండూ సూపర్ లీగ్‌లో ఉన్నంతకాలం ఒకే టీవీ ఒప్పందం, ఒకే జీతాల పరిమితి (ఒక జట్టు ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చుకి హద్దు), ఒకే వాన. హెడింగ్లీ అంటే మనవాళ్లకి టెస్ట్ మ్యాచ్‌ల మైదానంగా తెలుసు. క్రికెట్ మైదానానికి వెనకాలే రగ్బీ మైదానం ఉంది, రెండింటికీ మధ్యన ఒకే స్టాండ్. ఒకవైపు కూర్చుంటే క్రికెట్, రెండోవైపు కూర్చుంటే రగ్బీ. 2019లో దాన్ని కొత్తగా కట్టారు. ఆ స్టాండ్‌లో గదులు, భోజనాల హాళ్లు ఉంటాయి. నేను ఒకసారి రగ్బీతో సంబంధం లేని ఆఫీసు ట్రైనింగ్‌కి అక్కడికే వెళ్లాను, మా కంపెనీ ఆ గదికి అద్దె కట్టింది. అప్పుడు తెలిసింది తేడా ఎక్కడుందో. ఒడ్సాల్ ఏడాదికి పదిహేను రోజులు సంపాదిస్తుంది. హెడింగ్లీ మంగళవారం పొద్దున కూడా సంపాదిస్తుంది. లీడ్స్ 2004 నుంచి 2017 మధ్య ఎనిమిది టైటిళ్లు గెలవడానికి మంచి ఆటగాళ్లు కారణం, ఒప్పుకుంటాను. ఆ ఆటగాళ్లకి జీతం సమయానికి పడటం కూడా కారణమే.

మిగతా చాలా క్లబ్బులకి ఆదాయమంటే ఒక మనిషి జేబు. ఊరి మీద ప్రేమ ఉన్న ధనవంతుడు ఏటా కొంత పోస్తాడు. హడర్స్‌ఫీల్డ్‌కి కెన్ డేవీ ఎన్నో ఏళ్లుగా అలా ఉన్నాడు, విగన్‌కి ఇప్పుడు మైక్ డాన్సన్. పుస్తకాల్లో అది ఆదాయం కింద ఉండదు, యజమాని ఇచ్చిన అప్పు కింద ఉంటుంది. కొన్నేళ్లకి మాఫీ చేస్తాడు, లేదా షేర్లుగా మార్చుకుంటాడు. ఆయనకి విసుగొస్తే? టొరంటో వుల్ఫ్‌ప్యాక్ చూడండి. కెనడా జట్టు, 2017లో మూడో శ్రేణిలో మొదలెట్టి 2020కల్లా సూపర్ లీగ్‌కి వచ్చింది. న్యూజిలాండ్ స్టార్ సోనీ బిల్ విలియమ్స్‌ని కూడా కొనుక్కుంది. టీవీ డబ్బులో వాటా లేదు, అంతా యజమానిదే. కోవిడ్ రాగానే జులైలో చేతులెత్తేసింది.

టీవీ డబ్బు గురించి మనవాళ్లు ఐపీఎల్ లెక్కలో ఆలోచిస్తారు. 2023–27కి ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు. స్టేడియంలో ఒక్కడు లేకపోయినా ఫ్రాంచైజీ బతుకుతుంది. ఇక్కడ అలా కాదు. 1995లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ సంస్థ 8.7 కోట్ల పౌండ్లు పెట్టి సూపర్ లీగ్‌ని పుట్టించింది, శీతాకాలపు ఆటని వేసవికి జరిపింది. 2017–21 ఒప్పందంలో ఏడాదికి దాదాపు 4 కోట్ల పౌండ్లు వచ్చాయి. 2024కి అది దాదాపు సగానికి పడిపోయింది. జీతాల పరిమితి మాత్రం జట్టుకి 21 లక్షల పౌండ్ల దగ్గరే ఉంది. టీవీ వాటా మొత్తం పోసినా ఆ పరిమితి దాకా రాదు. కోవిడ్‌లో ప్రభుత్వం ఇచ్చిన 1.6 కోట్ల పౌండ్లు కూడా అప్పే, దానం కాదు.

ఆస్ట్రేలియాలో ఇదే ఆట కళకళలాడుతుంది కదా అంటారు. అక్కడ ఒక జట్టు జీతాల పరిమితే కోటి ఆస్ట్రేలియా డాలర్ల పైన. కానీ ఆ మెరుపు వెనక టీవీ ఒక్కటే లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో 1956 నుంచి క్లబ్బుల్లో జూదం మెషీన్లు చట్టబద్ధం. రగ్బీ జట్టుకి అనుబంధంగా లీగ్స్ క్లబ్ ఒకటి ఉంటుంది. అందులో రెస్టారెంటు, బారు, వరసగా ఆ మెషీన్లు. పేదవాడు అక్కడ పోగొట్టుకున్న డబ్బే ఆటగాడి జీతం. నాకది నచ్చదు, అయినా ఆ క్లబ్బులు బతకడానికి అదొక కారణమని దాచలేను. ఇప్పుడు పాపువా న్యూ గినీ జట్టు 2028లో అక్కడి లీగ్‌లోకి వస్తోంది. దానికి ఆస్ట్రేలియా ప్రభుత్వమే పదేళ్లకి 60 కోట్ల డాలర్లు ప్రకటించింది, విదేశాంగ కారణాలతో. అలాంటి అదృష్టం ఇక్కడి కాసిల్‌ఫోర్డ్‌లాంటి చిన్న ఊరి క్లబ్బుకి ఎక్కడిది?

తమాషా ఏంటంటే ఈ ఆట పుట్టిందే జీతం గొడవ మీద. గని కార్మికులు, మిల్లు కూలీలు శనివారం ఆడితే ఆ రోజు కూలి పోయేది. దానికి బదులుగా రోజుకి ఆరు షిల్లింగులు ఇవ్వాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. దక్షిణాది పెద్దమనుషులు కాదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు అప్పటి రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. ఆ ఊళ్లలో గనులు, మిల్లులు ఇప్పుడు లేవు, క్లబ్బులు మాత్రం ఉన్నాయి. జనాభా, జీతాలు తక్కువ ఉన్న పట్టణాల్లో టికెట్ ధర ఎంతని పెంచుతారు?

ఐఎంజీ అనే క్రీడా మార్కెటింగ్ సంస్థ తెచ్చిన గ్రేడింగ్ పద్ధతి దీనికి మందు అంటున్నారు. సూపర్ లీగ్‌లో ఎవరుండాలో మార్కులతో తేలుస్తారు. ఆటకే కాక ఆర్థిక స్థితికి, స్టేడియానికి, అభిమానుల సంఖ్యకి కూడా మార్కులు. ఆలోచన సరైనదే. కానీ లండన్ బ్రాంకోస్ 2023లో ఆడి గెలిచి సూపర్ లీగ్‌కి వచ్చినప్పుడే, గ్రేడింగ్ అంచనాలో 24వ స్థానంలో ఉంది. 2024లో ఎన్ని గెలిచినా కిందికే అని తెలిసి ఏడాదంతా ఆడారు. అలాంటి జట్టు టికెట్ ఎవరు కొంటారు? పైగా మార్కులు ఇచ్చేది గడిచిన లెక్కలకి. యజమాని రేపు ఫోన్ ఎత్తకపోతే అది ఏ కాలమ్‌లోనూ కనపడదు.

నిలబడగలవా అంటే, సొంత మైదానం ఉండి, వారంలో ఆరు రోజులు దాన్ని అద్దెకి ఇవ్వగలిగిన అయిదారు క్లబ్బులు నిలబడతాయని నా అంచనా. మిగతావి పార్ట్‌టైమ్ ఆటగాళ్లతో, ఉన్నంతలో నడిపితే ఇంకో వందేళ్లు బతుకుతాయి. నేను లెక్కలు రాసిన క్లబ్బు అలాగే ఉంది, టేపు బిల్లుతో సహా. మధ్యలో ఉండి పైవాళ్లలా జీతాలిచ్చే క్లబ్బుల గురించే నా భయం.

ఇక మీ టికెట్. కొనండి, సాల్‌ఫోర్డ్ జనం మంచి కబుర్లాడతారు. ఒక్కటి మాత్రం చేయండి: 100 పౌండ్లు దాటితే డెబిట్ కార్డుతో కాకుండా క్రెడిట్ కార్డుతో కట్టండి. మధ్యలో క్లబ్బు మూతపడితే ఇక్కడి చట్టం ప్రకారం కార్డు కంపెనీని డబ్బు అడగొచ్చు. మొదట రెండు మ్యాచ్‌లు గేటు దగ్గర టికెట్ కొనుక్కుని చూసి, వానలో కూర్చోగలరో లేదో తేల్చుకుని అప్పుడు సీజన్ టికెట్ తీసుకున్నా తప్పులేదు. మీట్ పై కావాలంటే మాత్రం హాఫ్ టైమ్‌కి అయిదు నిమిషాల ముందే లైన్లో నిలబడండి, తర్వాత మిగలవు.