గడ్డను గడ్డ అనే రాయి

అమ్మాయీ,

నీ కథ రాత్రి మొదలుపెట్టి మూడో పేజీలో ఆపేశాను. పొద్దున్నే మళ్లీ అందుకున్నాను. తల దువ్వుతున్న కూతురి దువ్వెన పళ్లకు తల్లి మాడు మీద ఏదో తగలడం బాగుంది. వెంటనే దాన్ని ‘మృత్యుకుసుమం’ అన్నావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

అది గడ్డ. ఎంత ఉంది? నొక్కితే కదిలిందా? నీ కథలోని తల్లికున్న థైరాయిడ్ క్యాన్సర్ చర్మానికి పాకడం చాలా అరుదు. పాకితే ఎక్కువగా తల మీదే బయటపడుతుంది. చర్మం రంగులోనో, ఎర్రగానో, ఊదాగానో మెల్లగా పెరుగుతుంది. నొప్పి లేకపోవచ్చు. రక్తనాళాలు ఎక్కువుంటే వేలి కింద నాడిలా కొట్టుకోవచ్చు కూడా. నొప్పి లేదు కనుకనే తల్లి ‘కొవ్వుగడ్డలే’ అని ఊరుకుంటుంది. నీ కథంతా ఆ ఊరుకున్న నెలల్లో ఉంది. ఒక్క ఉపమానంతో వాటిని దాటేశావు.

మా అక్కకు థైరాయిడ్ గ్రంథి తీసేసిన కొన్నేళ్లకు తల మీద ఇలాంటిదే లేచింది. గడ్డ ముక్క తీసి పరీక్షించిన బయాప్సీ నివేదికలో ‘థైరోగ్లోబ్యులిన్ పాజిటివ్’ అని ఉంది. అది థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్. తల చర్మంలో దానికేం పని? గొంతులో గ్రంథే లేదు, దాని కణాలు మాత్రం మాడు మీద చేరి పాత పని చేసుకుంటున్నాయి. నన్ను అంతగా వణికించిన మాట ఏ కథలోనూ చదవలేదు.

అక్క గురించి రాసిన కథను ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. ‘ఈ వైద్యం గొడవ తీసేసి కన్నీళ్లు పెంచండి’ అన్నాడు. తీసేశాను. అచ్చయింది. ఇరవై ఏళ్లయినా ఆ సంచిక తెరవలేదు. జబ్బును పేరు పెట్టి పిలవకుండా ‘మహమ్మారి’ అని రాసే అలవాటు మనకు అంటించింది ఇలాంటి వాళ్లే.

నీ కథలో డాక్టరు రాగానే ‘మూడు నెలలు’ అంటాడు. చర్మం దాకా వచ్చిందంటే ఊపిరితిత్తులకో ఎముకలకో కూడా చేరి ఉండవచ్చు, గట్టి దెబ్బే. అయినా ఆయన ముందు స్కాన్ రాస్తాడు. ఆ కణాలు అయోడిన్‌ను పీల్చుకునే రకమైతే రేడియోధార్మిక అయోడిన్ (అయోడిన్-131) ఇచ్చి చూస్తారు. అక్కకు దానికోసం కొన్ని వారాలు థైరాయిడ్ మాత్ర ఆపించారు. మాట మందగించింది. రెండు దుప్పట్లు కప్పినా చలే. మందు ఇచ్చాక విడిగా ఒక గదిలో ఉంచారు. అయోడిన్-131 రేడియోధార్మికత సగానికి తగ్గడానికే 8 రోజులు పడుతుంది. మొదటి కొన్నాళ్లు దగ్గరికి వెళ్లనివ్వలేదు. తలుపు బయట నిలబడే మాట్లాడాను. తన జడ తానే వేసుకుంది, వంకరగా.

ఏ పత్రికకు పంపాలో, కథ పేరు మార్చాలో అడిగావు. అవి తర్వాత చూద్దాం. నీ కథలోని కూతురిని ఆ తలుపు బయట నిలబెట్టు. దువ్వెన ఎవరి చేతిలో ఉందో రాయి. రాసి, ముందు నాకు పంపు.