శాంతి చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చివరి ఏడాది. గొడవలు జరిగిన చోట్ల మనుషుల్ని కలిపే పని చేస్తానని, అందుకు బెల్‌ఫాస్ట్‌లో ఎంఏ చదువుతానని పట్టుబడుతోంది. ఢిల్లీ జామియాలోనూ ఇలాంటి కోర్సు ఉందట. ఏది మేలు? ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుందా? మా బావమరిది కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్. వాళ్లు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చోటు చాలక మీ ఉత్తరాన్ని కుదించాం. అసలు ఉత్తరంలో బావమరిది కొడుకు గురించి ఒక పేరా మొత్తం ఉంది. అమ్మాయికి ఈ పని మీద ఎందుకు మనసైందో ఒక్క ముక్క లేదు. అడిగారా సార్?

ముందు ఆ పనేంటో చూడండి. బెల్‌ఫాస్ట్ ఉన్నది బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌లో. అక్కడ 30 ఏళ్ల హింసలో దాదాపు 3,500 మంది చనిపోయారు. 1998లో ఒప్పందం కుదిరింది. అయినా బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ వాడల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. 2023 కల్లా తీసేస్తామని 2013లో ప్రభుత్వం చెప్పింది, కాలేదు. తీసేస్తే ఏమవుతుందోనని గోడ పక్కన కాపురముండే వాళ్లలోనే చాలామందికి భయం. 1990ల చివర్లో అక్కడి కార్యకర్తలు గోడకు రెండువైపులా సెల్‌ఫోన్లు పెట్టుకున్నారు. పుకారు లేచిన రాత్రి ఇటువాళ్లు అటు ఫోన్ చేసి, 'మీ కుర్రాళ్లను మీరు ఆపండి, మావాళ్లను మేం చూసుకుంటాం' అనుకోవడానికి. అవతల ఫోన్ ఎత్తినవాడికి మన గొంతు మీద నమ్మకం ఉండాలి. అది ఏ ఎంఏలోనూ రాదు.

అందుకే 'ఏడాది ఎంఏ, ఆపైన జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఉద్యోగం' అనే ఫ్యాషన్ మీద నాకు నమ్మకం తక్కువ. అక్కడి ప్రొఫెషనల్ ఉద్యోగాలకు సాధారణంగా పీజీతో పాటు అనుభవమూ అడుగుతారు. పైగా విదేశాలకు అమెరికా ప్రభుత్వ సాయం అందించే యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1 నుంచి ఆ పని ఆపేసింది. ఆ డబ్బుతో నడిచిన సంస్థల్లో పదేళ్లు చేసినవాళ్లే ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. బ్రిటన్‌లో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే వీసా కూడా 2027 జనవరి నుంచి రెండేళ్లు కాదు, 18 నెలలే. ఇల్లు తాకట్టు పెట్టి పంపుతానంటే మాత్రం నేను వద్దంటాను.

జామియా కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఫీజు మీకు భారం కాదు. పోలిక అంతే, ఇంకా సాగదీయను. నన్నడిగితే అంతకంటే ముందే ఏడాదో రెండేళ్లో పనిలో దిగమంటాను. 1990 అల్లర్లు చూసిన హైదరాబాద్ పాతబస్తీలో, మతసామరస్యం కోసం పనిచేసే కోవా లాంటి సంస్థలున్నాయి. ఉర్దూ వస్తుంది, జనం తలుపు ఎలా తీస్తారో, ఎందుకు వేసేస్తారో తెలుస్తుంది. జీతం తక్కువే, దాచను. ఆ పనిలోనే ఉండి మూడేళ్ల అనుభవం వస్తే, శాంతి రంగంలో పీజీ చదువుకు రోటరీ సంస్థ ఇచ్చే పీస్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. వస్తే ఫీజు, వసతి, ప్రయాణం అన్నీ వాళ్లే భరిస్తారు. విదేశీ చదువుకు అప్పుడు వెళ్లినా ఆలస్యమేమీ కాదు.

మరీ అంత టెన్షన్ పడకండి. ఐక్యరాజ్యసమితి దొరక్కపోయినా, ఈ పని నేర్చినవాళ్లకు వేరే దారులున్నాయి. పది మందిని ఒప్పించగల మనిషి స్వచ్ఛంద సంస్థలకూ కావాలి, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలకూ కావాలి. బావమరిది గారికి మాత్రం 'ఎంఏ చేస్తుందట' అని చెప్పి, కాఫీ ఇవ్వండి.