గోదావరి కలిసే చోట సముద్రం అడుగున మాంగనీసు ముద్దలు ఎందుకు దొరకవు?

గోదావరి ఇంత ఇనుము, మాంగనీసు మోసుకెళ్లి పోస్తుంటే ఆ ముద్దలు అంతర్వేది, కాకినాడ ఎదురుగానే ఉండాలి కదా అని అడిగారు. అది పోస్తోంది కాబట్టే అక్కడ ఉండవు.

ముద్ద ఎలా తయారవుతుందో కోనసీమలో చాలామంది ఇంట్లోనే చూసి ఉంటారు. మా బోరు నీళ్లు కొట్టగానే తేటగా ఉంటాయి. బకెట్లో ఓ పూట ఉంచితే అడుగున చిలుం రంగు మడ్డి దిగుతుంది. తెల్ల పంచెలు ఆ నీళ్లలో ఉతికితే ఇక అంతే సంగతులు. గాలాడని లోతు మట్టిలో ఇనుము కరిగి ఉంటుంది, పైకొచ్చి ఆక్సిజన్ తగిలితే ఆక్సైడ్‌గా మారి విడిపోతుంది. మాంగనీసూ అంతే, కాకపోతే నిదానంగా, నల్లగా పేరుకుంటుంది.

4,000 నుంచి 6,000 మీటర్ల లోతులో జరిగేదీ ఈ రసాయనమే. అంటార్కిటికా వైపు నుంచి వచ్చే చల్లటి నీళ్లలో ఆక్సిజన్ బాగా ఉంటుంది. బురదలో కరిగిన మాంగనీసు పైకి ఊరి, ఏ సొరచేప పన్ను మీదో, రాతిముక్క మీదో పొరగా అంటుకుంటుంది. సముద్రపు నీళ్లలోని లోహాలు కూడా వచ్చి చేరతాయి. ఈ ఆక్సైడ్ పొరలు నికెల్, రాగి, కోబాల్టులను పట్టేసుకుంటాయి. దేశాలకు వాటి మీద మోజు అందుకే!

అయితే ముద్ద పెరిగేది సాధారణంగా పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు. వరదల్లో ధవళేశ్వరం దాటే ఎర్రనీరు ఎంత మట్టి మోసుకెళ్తుందో చూసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. దానికి తోడు గంగా బ్రహ్మపుత్రల మట్టి బంగాళాఖాతం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్లు, భూమధ్యరేఖ దాటి పరుచుకుంది. ఇంత మట్టి కింద ముద్ద మొదట్లోనే పూడిపోతుంది. పూడాక ఆక్సిజన్ అందక, పేరుకున్న మాంగనీసు కూడా మళ్లీ కరిగిపోతుంది.

అందుకే ఈ ముద్దల అన్వేషణ కోసం 1987లో మన దేశానికి కేటాయించిన ప్రాంతం ఆ మట్టి అందనంత దక్షిణాన, మధ్య హిందూ మహాసముద్రంలో ఉంది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది 75,000 చదరపు కిలోమీటర్లు. అక్కడా వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల మట్టి పడుతుంది, అంటే ముద్ద కంటే మట్టే వేగం. అయినా ముద్దలు పైనే ఉంటాయి. బురదలో తిరిగే పురుగులు వాటిని కదిలిస్తూ ఉండటమే కారణమని చాలామంది శాస్త్రవేత్తలు చెబుతారు.