పాట్స్ ఉన్నవాళ్లు వ్యాయామం నిలబడి మొదలుపెట్టకండి

పాట్స్ (POTS, అంటే నిలబడగానే గుండె వేగం అతిగా పెరిగే సమస్య) ఉందని తేలాక డాక్టర్ వ్యాయామం చేయమన్నారు, కానీ ట్రెడ్‌మిల్ ఎక్కిన కాసేపటికే గుండె దడ, కళ్లు తిరగడం అని ఒకరు నాకు రాశారు. టెన్షన్ పడకండి, అది మీ బద్ధకం కాదు. నిలబడగానే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగి, గుండెకు తిరిగి చేరేది తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికే గుండె వేగం పెంచుతుంది. పెద్దవాళ్లలో లేచిన 10 నిమిషాల్లోనే నిమిషానికి 30 బీట్లు, ఆపైన పెరగడం ఈ సమస్య గుర్తు.

అందుకే ట్రెడ్‌మిల్ ప్రస్తుతానికి వదిలేయండి. పడుకుని కాళ్లు ఎత్తడం, నడుము పైకి లేపడం, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్, రోయింగ్ మెషీన్‌తో మొదలుపెట్టండి. ఈత కూడా మంచిదే, కానీ ఒంటరిగా వద్దు. మొదట్లో ఐదు నిమిషాలైనా చాలు. మర్నాడు నీరసంతో మంచం దిగలేకపోతే ముందురోజు ఎక్కువైనట్టే, తగ్గించండి. నిలబడి చేసేవి కొన్ని నెలల తర్వాతే. పిక్కలు, తొడల కండరాలు బలపడితే రక్తాన్ని పైకి నెట్టడం తేలికవుతుంది కాబట్టి ఎక్కువ శ్రద్ధ అక్కడే పెట్టండి.

బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతుంటే వాచీలో పల్స్ చూసి శ్రమను అంచనా వేయకండి, మందు వల్ల అది ఎలాగూ తక్కువగానే ఉంటుంది. మాట్లాడుతూ చేయగలుగుతున్నారా లేదా చూసుకోండి.

మొదలుపెట్టే ముందు నీళ్లు తాగండి. ఉప్పు పెంచడం మాత్రం డాక్టర్‌ని అడిగాకే, బీపీ, కిడ్నీ సమస్యలుంటే అసలు సొంతంగా వద్దు. మన ఎండాకాలంలో తెల్లవారుజామునే చేసుకోండి. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.