మంచు పట్టిన పొద్దున దొరికే అరగంట

బుజ్జీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పింది. మంచుకి బస్సులు ఆలస్యమై మీ బడిలో ప్రేయర్ వెనక్కి జరుగుతోందట. ఆ ఖాళీ అరగంటలో పదో తరగతి వాళ్ళకి త్రికోణమితి మొదలుపెట్టేస్తానన్నావట. అందుకని ఆరింటికే స్కూటీ తీస్తావట. ఉద్యోగంలో చేరి ఏడాదన్నా కాలేదు, పిల్లల కోసం ఇంత ఆలోచిస్తున్నావు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

ముందు స్కూటీ గురించి. గుంటూరు నుంచి మంగళగిరి దాకా ఆ హైవే మీద మంచులో వెళ్ళొద్దు. లైట్లు వెయ్యకుండా అంచున ఆపిన లారీ, దాని మీదికి వెళ్ళేదాకా కనపడదు. ఎప్పుడైనా దారిలో మంచు పట్టుకుంటే హైబీమ్ వెయ్యకు, ఎదురంతా ఇంకా తెల్లగా కమ్మేస్తుంది. లోబీమ్‌లోనే మెల్లగా పో. అసలు ఆ రోజుల్లో బస్సెక్కు. లేటవుతుందంటావా? హెచ్ఎం గారికి ఒక ఫోన్ చెయ్యి. మెడకి మఫ్లర్ చుట్టుకో. చిన్నప్పటి నుంచీ కార్తీకం దాటిందంటే నీకు దగ్గే. ఒకరు చెప్తే వినవు, ఆవిరి పట్టమంటే పట్టవు. రోజంతా అరిచి చెప్పాల్సిన గొంతమ్మా అది.

ఇక పాఠం సంగతి. నేను పనిచేసిన ఒక బడిలో లెక్కల మాస్టారొకాయన ఉండేవారు. చాలా మంచి మాస్టారు, పిల్లలంటే ప్రాణం. అందుకే ఈ మాట చెప్తున్నా, నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. ఆ ఏడు సంక్రాంతి ముందు మంచు బాగా పట్టింది. బడి పక్క వీధుల పిల్లలు వేళకి వచ్చి కూర్చునేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సులో రావాల్సిన వాళ్ళు సగం పీరియడ్ అయ్యాక వచ్చేవాళ్ళు. వచ్చిన వాళ్ళ టైం ఎందుకు పాడుచెయ్యాలని ఆయన కొత్త చాప్టర్ ఎత్తుకున్నారు. బస్సు పిల్లలు వచ్చేసరికి బోర్డు నిండిపోయి ఉండేది. “పక్కవాళ్ళ నోట్సు చూసి రాసుకోండి” అనేవారు. మొదట్లో వాళ్ళు లేచి అడిగేవాళ్ళు. తర్వాత అడగడం మానేశారు.

వాళ్ళలో చివరి బస్సు పిల్ల ఒకమ్మాయి ఉండేది. లెక్కల్లో చురుకైంది. నోట్సు ముత్యాల్లా రాసుకునేది, లోపల ఒక్క ముక్కా అర్థం కాలేదని ఎవరికీ తెలియదు. ప్రీఫైనల్లో ఆ చాప్టర్ ప్రశ్నలన్నీ వదిలేసింది. మాస్టారు ఆ పేపర్ పట్టుకుని స్టాఫ్ రూంలో చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఫిబ్రవరిలో సాయంత్రాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు కూడా. కానీ వాళ్ళ ఊరి బస్సు బడి వదిలిన కాసేపటికే వెళ్ళిపోతుంది. పొద్దునా ఆ పిల్లకి దొరకలేదు, సాయంత్రమూ దొరకలేదు. పాసయింది. ఎంపీసీ తీసుకుంటానన్న పిల్ల సీఈసీలో చేరింది. సీఈసీ తక్కువని కాదమ్మా, కోరి చేరి ఉంటే నాకీ బాధ ఉండేది కాదు. మంచి మార్కుల పిల్లల పేర్లే మర్చిపోయాను గానీ, ఆ అమ్మాయి మొహం మాత్రం ఇంకా గుర్తుంది.

నీ పిల్లల్లో బస్సు వాళ్ళెందరో ముందు లెక్క చూసుకో. ఆ అరగంటలో కొత్తది ఒక్కటి కూడా చెప్పకు. వచ్చినవాళ్ళలో తిన్నదెవరో అడుగు. చాలామంది ఖాళీ కడుపుతో వస్తారు, మధ్యాహ్న భోజనం దాకా ఆగాలి. వెనక బెంచీ వాళ్ళ చేత లెక్కని బయటికి చదివించు. సగం మందికి లెక్క రాక కాదు, ప్రశ్న చదవడం రాక ఆగిపోతారు. మంచు ఎందుకు పడుతుందో వాళ్ళనే చెప్పమను. మబ్బూ గాలీ లేని పొడుగు రాత్రి నేల చల్లబడటం, కాలవల మీది తేమ చిన్న బొట్లుగా మారడం వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారు. కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే దాన్ని పొగమంచు అంటారని చెప్పి, గేటు నుంచి వాటర్ ట్యాంకు కనపడుతోందో లేదో చూసి రమ్మను.

త్రికోణమితి మంచు విడిచాక మొదలుపెట్టు. అప్పటికి బస్సు పిల్లలూ వచ్చేస్తారు, ఎండా వస్తుంది, నీడా పడుతుంది. అందరినీ గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళి మీటరు బద్దని నిలువుగా నిలబెట్టించు. డిసెంబరు చివర్లో మన దగ్గర పదింటికి దాని నీడ మీటరు దాటే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి దాదాపు 84 సెంటీమీటర్లకి తగ్గుతుంది. 100ని 84తో భాగిస్తే వచ్చేది టాన్ విలువ, అంటే సూర్యుడు ఇంచుమించు 50 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. తర్వాత జెండా కర్ర నీడ కొలిపించి దాని ఎత్తు వాళ్ళ చేతే కట్టించు. బద్ద పట్టుకునే పని లేటుగా వచ్చినవాళ్ళకి ఇవ్వు, తప్పకుండా.

సిలబస్ వెనకబడుతుందని టెన్షన్ పడకు. పరీక్షలు మార్చిలో కదా, హెచ్ఎం గారిని అడిగి జనవరిలో రెండు లీజర్ పీరియడ్లు రాయించుకో. బడి టైంలో అయితే బస్సు పిల్లలూ ఉంటారు. ఆయన ఒప్పుకోకపోతే నాకు చెప్పు, ఎలా అడగాలో మాట్లాడుకుందాం.

ఆదివారం ఇంటికి రా. నా మీటరు బద్ద అటక మీద ఉంది, నువ్వే దింపుకోవాలి. స్కూటీ మీదైతే ఎండ వచ్చాకే బయల్దేరు.

మీ పెద్దమ్మ
గుంటూరు