అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ స్కిన్ లేయర్‌ను ఎలా కొలవాలి?

హైదరాబాద్‌లో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తూ, అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ (నీటిని వడపోసే పొర) మీదుండే స్కిన్ లేయర్ (అసలు వడపోత చేసే పలుచటి పైపొర) మందానికీ, దాని రంధ్రాల సైజుకూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఒక్కటే సరిపోతుందా అని అడిగారు.

మందానికి సరిపోతుంది. స్కిన్ సాధారణంగా 0.1 నుంచి 1 మైక్రాన్ ఉంటుంది. శాంపిల్‌ను నీళ్లతో అలాగే ఆరనిస్తే, అందులోనూ మన మే నెల వేడికి, రంధ్రాలు ముడుచుకుపోతాయి. నీటి స్థానంలో ఇథనాల్, తర్వాత హెక్సేన్ నింపి ఆరబెట్టండి. కత్తెరతో కోస్తే అంచు నలుగుతుంది కాబట్టి ద్రవ నైట్రోజన్‌లో ముంచి పుటుక్కున విరవండి. స్కిన్ ఎక్కడ ముగిసిందో గీత గీసినట్టు కనబడదు, నాలుగైదు చోట్ల కొలవాలి.

అసలు తిప్పలు రంధ్రాలతోనే. మైక్రోస్కోప్‌లో చూడటానికి వేసే బంగారు పూత సన్నవాటిని పూడ్చేస్తుంది, పైగా ఏది ఈ వైపు నుంచి ఆ వైపు దాకా తెరిచి ఉందో ఫొటోలో తెలియదు. పోనీ రంధ్రాల్లో నీళ్లు నింపి, గాలితో నెట్టి, ఎంత ఒత్తిడికి బయటికొస్తాయో చూసి సైజు లెక్కేద్దామంటే 10 నానోమీటర్ల రంధ్రానికి దాదాపు 290 బార్ ఒత్తిడి కావాలి, మెంబ్రేన్ అప్పడమైపోతుంది! గాలికి బదులు ఐసోబ్యూటనాల్ (నీటిలో పూర్తిగా కలవని ఒక ఆల్కహాల్) వాడితే తలతన్యత దాదాపు 40 రెట్లు తగ్గి, సుమారు 7 బార్‌తో పనవుతుంది. ఇలా ద్రవంతో ద్రవాన్ని నెట్టే పరికరం లేకపోతే, రకరకాల అణుభారాల డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల గొలుసు) ద్రావణం పంపి, ఏ అణుభారం దగ్గర 90 శాతం ఆగుతుందో చూడండి, దాన్నిబట్టి రంధ్రాల సైజు అంచనా వేయొచ్చు.